వార్తకు సనదు అడుగుదాం

2018 రంజాన్ మాసం. మే 26 రాత్రి మా ఛత్రినాకకు దగ్గరలోనే ఉన్న చాంద్రాయణగుట్టలో ఒక గుంపు కొందరు ట్రాన్స్‌జెండర్ మహిళలపై విరుచుకుపడింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందంటూ వాట్సాప్ సందేశాలు అప్పటికే ఇంటింటా తిరుగుతున్నాయి. మహబూబ్‌నగర్ ప్రాంతం నుండి బిక్షకు వచ్చిన ఆ అభాగ్యుల్లో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఏడు వారాలు గడవకముందే, జులై 13 శుక్రవారం నాడు, బీదర్ జిల్లా ముర్కి గ్రామంలో అదే వదంతి హైదరాబాద్‌కు చెందిన ఒక ముస్లిం ఇంజనీరును బలిగొంది. అతనూ అతని మిత్రులూ దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచడమే నేరమైపోయింది.

రెండో వార్త విని మనం కంటతడి పెట్టాం. మరి మన పొరుగున జరిగిన మొదటి దానికి ఎంతమందిమి సిగ్గుపడ్డాం?

కొట్టిన చేతులు కొన్నే. ఆ చేతుల దాకా అబద్ధాన్ని చేరవేసినవారు వేలల్లో ఉంటారు. వారిలో చాలామందికి దురుద్దేశం లేదు; పిల్లల మీది ప్రేమతో, జాగ్రత్త కోసమని పంపారు. కాని సదుద్దేశం అబద్ధాన్ని నిజం చేయలేదు.

ఏదైనా వార్త వస్తే విచారించండి, తెలియక ఒక జనానికి హాని చేసి ఆనక పశ్చాత్తాపపడే పరిస్థితి తెచ్చుకోకండి అన్నది హుజురాత్ సూరా 6వ ఆయతు సారాంశం. ఇక్కడ ఆదేశం వార్త మోసుకొచ్చినవాడికి కాదు, విన్న విశ్వాసులకు! భయం కలిగించే వార్తను చాటింపు వేయకుండా బాధ్యులైనవారి దృష్టికి తీసుకుపోవాలని నిసా సూరా 83వ ఆయతు బోధిస్తోంది. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషిని అబద్ధాలకోరుగా చేయడానికి చాలునన్న హదీసును ఇమామ్ ముస్లిం తన సహీహ్ గ్రంథం పీఠికలోనే చేర్చారు. ఎవరు ఎవరి నుండి విన్నారు, చెప్పినవాడి నడవడి ఎలాంటిది, జ్ఞాపకశక్తి ఎంతటిది అని విచారించాకే మన ముహద్దిసులు ఒక మాటను స్వీకరించారు. ఫార్వర్డ్ చేసిన ప్రతివాడూ ఒక రావీయే. మరి అతని సనదు ఏది?

2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. అది వేగాన్ని తగ్గిస్తుందే గాని నిజానిజాలు తేల్చదు. ఆ పని మనుషులే చేయాలి. అదే ఏడాది గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గ్రామగ్రామానికీ పోలీసులను పంపి, జానపద కళాకారులచేత పాటలు పాడించి వదంతులను అడ్డుకున్నారు. ఖాకీ బట్టలవారు చేయగలిగింది మన మస్జిద్ కమిటీలు చేయలేవా?

2020లో తబ్లీగ్ జమాఅత్ పేరిట తప్పుడు వీడియోలు తిరిగినప్పుడు ఆధారం చూపమని మనం గట్టిగా అడిగాం. న్యాయమే. ఇతరుల గురించి మన ఫోనుకు వచ్చే వార్తకు కూడా అదే ఆధారం అడగడం మన బాధ్యత.

సోదరులారా! కళ్లారా చూసిందెవరు, ఎక్కడ, ఎప్పుడు? జవాబు దొరకని సందేశం మన దగ్గరే ఆగిపోవాలి. అనుమానం నిజమనిపిస్తే పోలీస్ స్టేషన్‌కు తెలపాలి, గ్రూపులో పెట్టకూడదు. చెవి, కన్ను, హృదయం మూడింటినీ అల్లాహ్ ప్రశ్నించే రోజు ఉంది. పంపిన వేలికి ఆ లెక్క తప్పుతుందా?