వ్రేళ్ల తిమ్మిరి – కొరియా వైద్యము

క్యాన్సరునకు కీమోథెరపీ చేయించుకొనిన పిదప మా వదినెగారి వ్రేళ్లు మొద్దుబారినవి. కాగిన గిన్నె పట్టుకొనియు వేడి యెరుగక చేయి కాల్చుకొనిరి. ఆక్సాలిప్లాటిన్ వంటి మందులు నరముల కొనలను చెరచుటచే నిట్లగును. తిమ్మిరి మొదలైననాడే చెప్పినచో వైద్యులు మోతాదు తగ్గించెడివారేమో, వారు దాచిరి.

కొరియా వైద్యము మేలని యొక బంధువు చెప్పగా మేము దానిని గూర్చి చదివితిమి. 1613లో అచ్చయిన హో జున్ గ్రంథమును గౌరవించు అచ్చటి సంప్రదాయ వైద్యులు నేటికిని ప్రభుత్వానుమతితో సూదులు గ్రుచ్చి, కషాయములిచ్చుచున్నారు. సూదులవలన కొందరికి బాధ తగ్గినదని చిన్న పరిశోధనలు తెలుపుచున్నవి. కషాయముల మాట వేరు. కొరియా, జపానులు రెంటను వాడుకనున్న పదిమూలికల యోగమొకటి ఆక్సాలిప్లాటిన్ తిమ్మిరిని ఆపలేదని జపాను వైద్యులే 2015లో ప్రకటించిరి. పైగా నందు శుద్ధిచేసిన వసనాభిజాతి దుంప యున్నది! దానిని మాత్రము మేము గడప దాటనీయము. ఇప్పుడు గిన్నెలను మేమే దింపుచున్నాము, వదినెగారికి కోపమే.