డబ్బా మీద ఉంది చట్టం.. చదివేదెవరు?

బలం మందులకు లైసెన్సు ఉన్నా భరోసా లేదు
సరిహద్దు తెలుగువారికి భాషే అడ్డు

బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్.. ఊరు ఏదైనా మందుల షాపులో దృశ్యం ఒక్కటే. ఒక అరలో జ్వరం బిళ్లలు, పక్కనే విటమిన్ బిళ్లలు, ప్రొటీన్ పొడి డబ్బాలు, మోకాళ్ల నొప్పులకు గుళికలు. కొనేవారి లెక్కలో అన్నీ మందులే. చట్టం లెక్కలో మాత్రం వీటిలో చాలావరకు మందులు కావు, తిండి సరుకులు. బియ్యం, బిస్కెట్లను చూసే శాఖే వీటినీ చూస్తుంది. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకుంటున్న వారు కొందరైతే, ఒళ్లు పాడు చేసుకుంటున్న వారు మరికొందరు.

మందు వేరు.. తిండి వేరు

మందులకు 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ఉంది. తయారీకి డ్రగ్ లైసెన్సు కావాలి. అమ్మే షాపుకూ లైసెన్సు ఉండాలి. అత్యవసర మందుల ధరకు కేంద్రం గరిష్ఠ పరిమితి పెడుతుంది. బలం మందులుగా చలామణీ అవుతున్న సప్లిమెంట్లు వచ్చేది ఆహార భద్రత, ప్రమాణాల చట్టం-2006 కిందకు. అందులోని 22వ సెక్షన్ వీటి గురించే చెబుతుంది. ఫలానా జబ్బు నయం చేస్తుందని చెప్పుకోకూడదు. మత్తు పదార్థాలు, హార్మోన్లు, స్టెరాయిడ్లు కలపకూడదు. అంతవరకు బాగానే ఉంది. అయితే వీటిని అమ్మడానికి ఫార్మసిస్టు అక్కర్లేదు. జిమ్ములో అమ్మొచ్చు, కిరాణా కొట్టులో అమ్మొచ్చు, ఫోన్లో ఆర్డరిస్తే ఇంటికే వస్తాయి. ధర కంపెనీ ఇష్టం.

చిక్కు ఇంకోటి ఉంది. కొన్ని విటమిన్ బిళ్లలు డ్రగ్ లైసెన్సుతో వస్తాయి, అలాంటివే మరికొన్ని ఆహార లైసెన్సుతో వస్తాయి. రేకు ఒకటే, రంగు ఒకటే. తేడా తెలిసేది వెనుక ఉన్న సన్నటి అక్షరాల్లోనే.

అనుమతి పద్ధతి ఎలా పోయింది?

ఒకప్పుడు ఒక్కో సరుకుకూ ముందుగా అనుమతి తీసుకోవాలన్న పద్ధతి ఉండేది. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2013లో ఇచ్చిన సూచనల ప్రకారం అది నడిచింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. సూచనలకు చట్టబలం లేదని బాంబే హైకోర్టు 2014లో తేల్చింది. 2015 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. దాంతో అనుమతి పద్ధతి ఆగిపోయింది.

తర్వాత 2016 డిసెంబరులో పక్కా నిబంధనలు వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి అమలయ్యాయి. ఏయే పదార్థాలు వాడొచ్చో జాబితాలు ఇచ్చారు, పాళ్లకు హద్దులు పెట్టారు. జాబితాలో లేని కొత్త పదార్థానికి మాత్రం ముందస్తు అనుమతి కావాలి. జాబితాలో ఉన్నవే వాడితే, అంగడికి రాకముందు ప్రతి సరుకునూ సర్కారు పరీక్షించాలన్న నియమం లేదు. తనిఖీ ఏదైనా అంగట్లోకి వచ్చాకే. అంటే మొదటి కాపలా అధికారిది కాదు, డబ్బా మీది చీటీది. ఆ చీటీ చదివే కొనుగోలుదారుది.

ఆ నంబరు ఏం చెబుతుంది?

ప్రతి డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని కింద 14 అంకెల నంబరు ఉంటాయి. అది ఉంటే ‘గవర్నమెంటు టెస్టు చేసిన సరుకు’ అని దుకాణదారులు కూడా చెబుతుంటారు. అది తప్పు. తయారీదారుకు లైసెన్సు ఉందని మాత్రమే ఆ నంబరు చెబుతుంది. లోపలి పొడికి హామీ ఇవ్వదు. 100తో మొదలైతే కేంద్ర లైసెన్సు. 101 అయితే ఆంధ్రప్రదేశ్, 112 కర్ణాటక, 115 మహారాష్ట్ర, 120 ఒడిశా, 124 తమిళనాడు, 136 తెలంగాణ. సరుకు బాధ్యత ఎవరిదో వెతకడానికి ఇదే మొదటి ఆధారం.

హామీ ఎందుకు కాదో ఒక పరిశోధన చూపించింది. కేరళకు చెందిన కాలేయ వైద్యుడు డాక్టర్ సిరియాక్ ఆబీ ఫిలిప్స్, ఆయన సహచరులు మన దేశంలో అమ్ముడవుతున్న 36 ప్రొటీన్ సప్లిమెంట్లను పరీక్షించారు. ఫలితాలు 2024లో ‘మెడిసిన్’ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. దాదాపు 70 శాతం డబ్బాల్లో ప్రొటీన్ లెక్క చీటీతో కలవలేదు. కొన్నింటిలో చెప్పినదాంట్లో సగమే ఉంది. సుమారు 14 శాతంలో బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ విషం కనబడింది. కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో సలహా ఇచ్చింది.

ఉన్నది ఉన్నట్టు రాసినా ఇబ్బంది తప్పని సందర్భాలున్నాయి. థైరాయిడ్ బిళ్లతో పాటే ఐరన్ వేసుకుంటే థైరాయిడ్ మందు సరిగా ఒంటబట్టదు. రక్తం పలచబడేందుకు వార్‌ఫరిన్ వాడేవారు విటమిన్-కె ఉన్నవి మింగితే ఆ మందు పనితీరు తగ్గుతుంది. గర్భిణులకు విటమిన్-ఏ మోతాదు మించితే బిడ్డకు ప్రమాదం. విటమిన్-డి నెలల తరబడి అతిగా వాడితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. ‘బలానికే కదా’ అని డాక్టరుకు చెప్పకుండా వాడేవి ఇవే.

చీటీ మన భాషలో లేదు

నిబంధనల ప్రకారం చీటీ మీద ‘హెల్త్ సప్లిమెంట్’ అనో ‘న్యూట్రాస్యూటికల్’ అనో ఉండాలి. ‘మందుగా వాడేందుకు కాదు’ అన్న మాట తప్పనిసరి. రోజుకు ఎంత వాడాలి, మించితే ఏమిటి, పిల్లలకు అందకుండా ఉంచాలన్న హెచ్చరికలు కూడా ఉండాలి. అన్నీ రాస్తారు.. ఇంగ్లిషులో! వివరాలు ఇంగ్లిషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలునని నిబంధన. వేరే భాష అదనంగా వేసుకోవచ్చు, వేయాలని బలవంతం లేదు. సొంత రాష్ట్రంలో ఉన్న తెలుగువారికే దిక్కు లేనప్పుడు, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే మనవాళ్ల సంగతి చెప్పేదేముంది?

సన్నటి అక్షరాల హెచ్చరిక పనిచేయదని ఓఆర్ఎస్ వ్యవహారం రుజువు చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు లేని తీపి పానీయాలు ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడవుతుంటే హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడొద్దంది. మూడు నెలలకే మెత్తబడి, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫార్ములా కాదు’ అని రాస్తే చాలంది. తల్లులు పెద్ద అక్షరాలు చూసి కొన్నారు గానీ ఆ చిన్న ముక్క చూసి మానలేదు. చివరకు 2025 అక్టోబరు 14న ఆ సడలింపును వెనక్కి తీసుకుంది. చీటీ మీద ఒక మాట మార్చడానికి మూడేళ్లకు పైగా పట్టింది.

ఫిర్యాదు ఎక్కడ?

సరిహద్దు ఊళ్లలో ఇంకో తలనొప్పి ఉంది. ఇల్లు ఒక రాష్ట్రంలో, అంగడి ఇంకో రాష్ట్రంలో, ఫ్యాక్టరీ మరెక్కడో. యానాం వ్యక్తి కాకినాడలో డబ్బా కొంటే శాంపిల్ తీయాల్సింది ఆంధ్రప్రదేశ్ అధికారే, పుదుచ్చేరి అధికారి కాదు. తినే ఆహారానికి సంబంధించి అమ్మిన చోటే అధికార పరిధి. ఇది తెలియక తిరిగి తిరిగి వదిలేస్తారు.

అయినా దారులు లేకపోలేదు. చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం, కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పి, ఫీజు కట్టి మనమే ప్రభుత్వ ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. తేడా ఉందని తేలితే కట్టిన ఫీజు వాపసు వస్తుంది. తప్పుడు చీటీకి 3 లక్షల వరకు, మోసపు ప్రకటనకు 10 లక్షల వరకు జరిమానా ఉంది. ఇక పరిహారం కావాలంటే వినియోగదారుల రక్షణ చట్టం-2019 మనకు అనుకూలం. కొన్న ఊరికి పోనక్కర్లేదు, కాపురం ఉన్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. సరుకుకు ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. అనంతపురంలో కొన్న బళ్లారి వాసి బళ్లారిలోనే వేసుకోవచ్చన్న మాట. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే మాట్లాడొచ్చు.

చేయాల్సిందేమిటి?

సప్లిమెంట్లను మందుల నియంత్రణ సంస్థ కిందకు తేవాలా అని పరిశీలించేందుకు కేంద్రం 2024లో ఆరోగ్య శాఖ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేసింది. ఏ శాఖ కింద ఉన్నా చీటీ చదవలేనిదైతే మళ్లీ కథ మొదటికే. కనీసం ‘మందు కాదు’ అన్న మాట, రోజువారీ మోతాదు.. ఈ రెండూ ప్రాంతీయ భాషల్లో ఉండాలని నిబంధన తేవడానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు.

జిల్లాలోనో, తాలూకాలోనో 15 శాతానికి తగ్గకుండా మాట్లాడే అల్పసంఖ్యాక భాషలో ముఖ్యమైన నిబంధనలు, నోటీసులు ప్రచురించాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు ఇచ్చిన హామీల్లో ఒకటి. ఓటరు జాబితాల కోసం, బడుల కోసం ఈ హామీని పట్టుకుని అడిగిన తెలుగు సంఘాలు ఆహార భద్రత కార్యాలయాలనూ అడగాలి. మందుల షాపుల ముందు తెలుగులో ఒక బోర్డు పెట్టించడం పెద్ద కోరికేమీ కాదు. ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. డబ్బా కొనేముందు ‘ఇది మందా, తిండా?’ అని దుకాణదారును అడగండి, బిల్లు తీసుకోండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వాడుతున్న డబ్బా కూడా వెంట పట్టుకెళ్లండి.