వాణ్ణి అడిగారా?

పదో తరగతి ఫలితాలు ఇంకా రాలేదు. ఇంటర్ సీటు మాత్రం కొనేశారు.

కాలేజీ పీఆర్వో మీ ఇంటికొచ్చాడు. సోఫాలో కూర్చుని కాఫీ తాగాడు. ఇప్పుడే అడ్వాన్సు కడితే ఫీజు తగ్గిస్తామన్నాడు. మీరు కట్టారు. రశీదు దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు.

ఎంపీసీ. ఐఐటీ బ్యాచ్. హాస్టల్.

వాణ్ణి అడిగారా?

"చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు" అంటున్నారు. మరి రోజుకి పద్నాలుగు గంటలు బల్లకి అతుక్కుని కూర్చోడానికి చిన్నపిల్లాడు కాడా? అమ్మని వదిలి రెండేళ్లు ఉండటానికి చిన్నపిల్లాడు కాడా? చదువులో తేడా వస్తే నింద మొయ్యడానికి మాత్రం పెద్దవాడైపోయాడా?

2024లో ఐఐటీలన్నిటిలో కలిపి 17,740 సీట్లు. జేఈఈ మెయిన్ రాసినవాళ్లు పది లక్షలు దాటారు. లెక్కలు రాలేదని పిల్లాణ్ణి తిట్టే మీకు ఈ భాగహారం రాదా?

వస్తుంది. అయినా కట్టారు. మీవాడు ఆ 17 వేలలోనే ఉంటాడని. మిగతా లక్షలమందీ ఎవరి పిల్లలో అని.

ఎవరి పిల్లలండీ వాళ్లు?

పదహారేళ్లు నిండనివాళ్లని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. మన వీధి చివర స్కూల్లో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్! పదకొండేళ్లవాడి సంచిలో ఆ పుస్తకాలు చూసి మీరు భయపడ్డారా? లేదు. మురిసిపోయారు.

తెల్లవారుజామున ఐదింటికి బెల్లు కొట్టి లేపి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్ అంటూ కూర్చోబెట్టడం, వీకెండ్ టెస్టులో పది మార్కులు తగ్గితే పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి తోసెయ్యడం, ఆ జాబితా అందరూ చూసేలా గోడకి అంటించడం, అపార్ట్‌మెంట్‌నే కాలేజీ అని పిలిచి గదికి ఎనిమిది మందిని కుక్కడం, రెండేళ్లలో ఒక్కసారైనా బంతి ముట్టనివ్వకపోవడం, ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాక గానీ ల్యాబ్ తాళం తియ్యకపోవడం, మార్కులొస్తాయని తెలుగు మానిపించి సంస్కృతం రాయించడం, దసరా సెలవులు కోసెయ్యడం, జ్వరమొస్తే మాత్ర మింగించి మళ్లీ క్లాసుకి తోలడం, అవుటింగ్ రోజు గేటు దగ్గర అమ్మ తెచ్చిన పులిహోర డబ్బా పట్టుకుని ఏడుస్తున్న పిల్లని "హోమ్‌సిక్ అండీ, సర్దుకుంటుంది" అంటూ వార్డెన్ లోపలికి తీసుకుపోవడం, పక్క గదిలో మంచం ఖాళీ అయితే ఎందుకని అడగొద్దని మిగతా పిల్లల నోళ్లు నొక్కడం, "నాన్నా, ఇంటికొచ్చేస్తా" అని ఫోన్‌లో గొంతు వణికితే "నీ మీద ఎంత కట్టానో తెలుసా" అని మనం జవాబివ్వడం, ఇవన్నీ మీకు తెలుసు.

తెలుసు. నా కోపం అందుకే.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. 99 మార్కులు రావలసిన అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. టీవీల ముందు కూర్చుని అయ్యో అన్నాం. జూన్ వచ్చేసరికి అడ్మిషన్ల కౌంటర్ల ముందు నిలబడ్డాం.

పిల్లల చావులకి కారణాలు తేల్చమని ముందు నీరదారెడ్డి కమిటీ వేశారు. 2017లో చక్రపాణి కమిటీ. నివేదికలు బీరువాల్లోకి పోయాయి. పిల్లలు క్యాంపస్‌లలోకి పోయారు.

విశాఖలో కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి చనిపోతే ఆ తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని, నలుగురిలో అవమానించొద్దని 2025 జూలైలో కోర్టు చెప్పింది. పిల్లల్ని అవమానించొద్దని చెప్పడానికి సుప్రీంకోర్టు కావాలా మనకి?

2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. అది ప్రభుత్వం అచ్చువేసిన లెక్క. చదివారా? లేక పక్క పేజీలో ర్యాంకుల ప్రకటన చూస్తూ ఉండిపోయారా?

పోనీ, నిజంగానే ఇంజనీరు కావాలని ఉన్న పిల్లల సంగతేంటి?

ఇంట్లో మిక్సీ విప్పి మళ్లీ బిగించేవాడు ఒకడుంటాడు. పొలంలో మోటారు కాలిపోతే మెకానిక్ పక్కన గంటలు గంటలు గొంతుక్కూర్చునే పిల్ల ఒకతి ఉంటుంది. వాళ్లనేం చేశాం? చేతిలో స్క్రూడ్రైవర్ లాక్కుని, నాలుగు ఆప్షన్ల కాగితం పెట్టాం. సివిల్ చదువుతానంటే "ఎండలో నిలబడతావా?" అన్నాం. కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకుంటుంటే మనమే చప్పట్లు కొట్టాం. 1908లో మూసీ ముంచెత్తాక హైదరాబాద్‌ని కాపాడే ఉపాయం చెప్పిన విశ్వేశ్వరయ్య బొమ్మకి ఏటా సెప్టెంబర్ 15న దండలేస్తాం. ఆయన నదిని చూసి ఆలోచించాడు. మన పిల్లలకి కిటికీ అవతల ఏముందో కూడా చూపించం.

ఇష్టం లేనివాణ్ణి బలవంతాన తోశాం. ఇష్టమున్నవాడికి ఆ ఇష్టమే లేకుండా చేశాం.

ఇప్పటికే హాస్టల్లో వేసినవాళ్లు "మావాడు బాగానే ఉన్నాడు" అంటారు. ఎలా తెలుసు? ఆదివారం ఐదు నిమిషాల ఫోన్‌లో చెప్పాడా? పక్కన వార్డెన్, వెనక వరసలో పదిమంది. ఇంకేం చెబుతాడు?

మీవాడు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. పక్క గదిలో. తలుపు వేసి ఉంది, అంతే.

లేవండి. ఇప్పుడే. ఏం కావాలని ఉందిరా అని అడగండి. ఇంజనీరింగ్ అంటే ఎందుకో వినండి. వద్దంటే అదీ వినండి. ఇంకా తెలీదు నాన్నా అంటే, పదిహేనేళ్లకి తెలియకపోవడం తప్పు కాదని చెప్పండి.

అడ్వాన్సు పోతుందా?

పోనివ్వండి. ఆ రశీదు దేవుడి ముందు నుంచి తీసెయ్యండి.