నడుము నొప్పా? ఒకసారి మీ పాదం కూడా చూసుకోండి



ఎప్పుడూ పంట గురించే మాట్లాడుకుంటాం. ఈసారి పంట పండించే మనిషి గురించి మాట్లాడుకుందాం.

ఎకరానికి 200 లీటర్ల ద్రావణం పిచికారీ చేయాలంటే 16 లీటర్ల ట్యాంకును 12, 13 సార్లు వీపుకెత్తుకోవాలి. ట్యాంకుతో కలిపి ఒక్కోసారి దగ్గర దగ్గర 20 కిలోలు. ఆ బరువంతా నడుము మీదుగా దిగి చివరికి పాదాల మీదే ఆనుతుంది. కానీ నొప్పి రాగానే మనం నడుము పట్టుకుని నొప్పి బిళ్ల వేసుకుంటాం. నేలకి రసాయనం వద్దనే మనం, కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీసే బిళ్లలు నెలల తరబడి మింగడం ఏం న్యాయం?

అరికాలి లోపలి వైపు గుంట ఉంటుంది. అడుగు పడినప్పుడు అది కొంచెం దిగి, మళ్లీ లేచి, స్ప్రింగులాగా బరువు కాస్తుంది. కొందరికి ఈ గుంట ఉండదు. దాన్నే ఫ్లాట్ ఫుట్, చదును పాదం అంటారు. నడిచేటప్పుడు పాదం లోపలికి ఒరిగితే కాలి ఎముక కూడా లోపలికి తిరుగుతుంది. మోకాలు, తుంటి, ఆ పైన నడుము కండరాలు సర్దుకోవాల్సి వస్తుంది.

అలాగని చదును పాదం ఉన్నవాళ్లందరికీ నడుము నొప్పి వస్తుందనడం తప్పు. చాలామందికి ఏ నొప్పీ ఉండదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో చేసిన పరిశోధన 2013లో వచ్చింది. నిలబడినప్పుడు పాదం ఎలా ఉందన్నదానికీ నడుము నొప్పికీ అందులో సంబంధం కనబడలేదు. నడిచేటప్పుడు పాదం లోపలికి ఒరిగే ఆడవాళ్లలో మాత్రం నడుము నొప్పి ఎక్కువగా కనబడింది. అంటే పాదం ఆకారం కన్నా, అది పని చేసే తీరు ముఖ్యం. అందుకే అడుగు ముద్ర ఒక్కటి చూసి వేలు పోసి చెప్పుల్లో పెట్టుకునే అట్టలు కొనొద్దని నా అభిప్రాయం.

"చెప్పులు విడిచి నడిస్తే సరిపోదా?" అంటారు మనలో చాలామంది. 1992లో మన దేశంలో 2,300 మంది పిల్లల పాదాలు చూసిన పరిశోధన ఉంది. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి, వేసుకోని వాళ్లలో 2.8 శాతం మందికి చదును పాదాలు కనిపించాయి. కాబట్టి పిల్లల్ని శుభ్రమైన నేల మీద ఉత్త కాళ్లతో ఆడుకోనివ్వండి. కానీ యాభై ఏళ్ల మనిషికి చెప్పులు విడిస్తే గుంట వస్తుందన్న ఆశ పెట్టుకోకండి. షుగర్ ఉన్నవాళ్లయితే ఉత్త కాళ్లతో పొలంలోకి దిగనే దిగొద్దు.

వీడియోలో చూపించిన పరీక్ష చేసుకోండి. కాలు తడిపి పొడి గచ్చు మీద అడుగు వేయండి. ముద్ర మధ్యలో ఖాళీ లేకుండా నిండుగా పడితే పాదం చదునుగా ఉన్నట్టే. తర్వాత మునివేళ్ల మీద లేవండి. అప్పుడు గుంట కనబడితే పాదం మెత్తగా వంగుతోందని అర్థం, సాధారణంగా కంగారు లేదు. అప్పుడూ గుంట రాకపోయినా, ఒక్క కాలే కొత్తగా చదునై చీలమండ లోపలి వైపు నొప్పి పుడుతున్నా ఎముకల డాక్టరుకి చూపించాలి.

రోజూ చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. గోడ పట్టుకుని నెమ్మదిగా మడమలు లేపి దించండి. వేళ్లు ముడవకుండా ముందు పాదాన్ని మడమ వైపుకి లాగి ఐదు సెకన్లు బిగపట్టండి, పదిసార్లు. అరిగి ఒక పక్కకి ఒరిగిన చెప్పులు మార్చేయండి. ట్యాంకు సగమే నింపండి, రెండు పట్టీలూ వేసుకోండి. నాట్లకి, కలుపుకి వంగే ఆడవాళ్లు మధ్య మధ్యలో లేచి నిలబడాలి.

నొప్పి కాలిలోకి పాకి తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా డాక్టరుని కలవండి. మూత్రం మీద అదుపు తప్పితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మొక్క వాడితే ముందు వేరు చూస్తాం కదా. మన నడుము విషయంలోనూ అంత ఓపిక చూపిద్దాం.