పాలపిట్టకు దసరా యొక్కటేనా?

విజయదశమినాడు జమ్మిచెట్టునకు ప్రదక్షిణము చేసి, పాలపిట్టను దర్శించి, జమ్మియాకును బంగారమని పెద్దల చేతులలో నుంచి ఆశీస్సు లందుకొనుట తెలంగాణమున తరతరముల ఆచారము. తాతయు మనుమరాలును, అత్తయు కోడలును ఒక్కచోట నిలిచి యొక పక్షికొరకు ఆకసమువైపు కన్నులెత్తు ఈ వేడుకను కుటుంబ పక్షివీక్షణమనుటకు నాకు సందేహము లేదు. అయితే చేలగట్లపై, కరెంటు తీగలపై కూర్చుండు ఆ పిట్ట నగరమధ్యమున అరుదగుటచే, కొందరు దానిని వలపన్ని పట్టి, పంజరమున బంధించి, వీథులలో చూపి సొమ్ము చేసికొనుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకార మిది నేరము. అదియునుగాక, రెక్కలు విప్పి యెగిరినప్పుడు గాని పూర్తిగా వెల్లడికాని దాని నీలకాంతి పంజరమున కానరాదు గనుక, సొమ్మిచ్చి చూచినవాడు చూడవలసినదానినే చూడకపోవుచున్నాడు.

ఏటి కొక్కనాటి ఈ చూపును వారమున కొకనాటి యలవాటుగా మార్చుకొనవలెనని నా మనవి. ఇందులకు హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులు దూరపు చెరువులకు పోనక్కరలేదు. సుమారు 76 ఎకరముల ఇందిరా పార్కు నడకదూరముననే యున్నది. ప్రాతఃకాలమున అచట నొక చెట్టుక్రింద మాటాడక కొంతసేపు నిలిచినచో, కొననుండి టుక్కు టుక్కు మని సుత్తిదెబ్బలు వినిపించు కంసాలిపిట్టయు, పూలగుత్తులలో తేనెపిట్టయు, నీటియొడ్డున లకుముకిపిట్టయు తమంత తామే పరిచయమగును.

కాకులు, పావురములు తప్ప పేటలో నేమున్నవని పెదవి విరచువారు కలరు. కాకినే చూడుడు. వేసవిలో సందుమొగనున్న వేపచెట్టుపై అది గూడు కట్టినంతనే సమీపమున కోకిల కూత మొదలగును. కూయునది నల్లని దేహము, ఎఱ్ఱని కన్నులు గల మగది. ఒడలెల్ల తెల్లచుక్కలు గల ఆడది సమయము చూచి కాకిగూటిలో గ్రుడ్డిడును. ఒక్క వేసవి మేడమీదినుండి ఆ గూటిని కనిపెట్టిన పిల్లవాడు జీవశాస్త్ర పాఠమును పరీక్షకొరకు వల్లెవేయ నక్కరలేదు. రాష్ట్రపక్షి పాలపిట్ట యని కంఠస్థము చేయు ఉద్యోగార్థులు కిక్కిరిసిన అశోక్‌నగర్‌లో, దానిని స్వేచ్ఛగా ఎగురగా చూచినవారెందరో ఊహింపవచ్చును.

ప్రారంభమునకు పెట్టుబడి యవసరము లేదు. ఒక నోటుపుస్తకములో తేది, వేళ, చెట్టు, పక్షి చేసిన పని వ్రాసికొనిన చాలును. పల్లెపేళ్లు బామ్మ చెప్పును, బొమ్మ పిల్ల గీయును. ఆసక్తి నిలిచినమీదట 8 రెట్లు చూపు బైనాక్యులర్ ఒకటి ఇంటిల్లిపాదికి సరిపోవును. కూత విని పేరు సూచించు మెర్లిన్ యాప్‌ను మన చెవి ఊహించిన తరువాతనే అడుగుట మేలు. గూళ్లకు చేరువగా పోరాదు. ఫోనులో కూతలు వినిపించి పక్షులను పిలువరాదు. 1930వ దశకారంభమున హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసిన సలీం అలీకి ఆ కాలపు క్షేత్రయాత్రలలో భార్య తహమీనా తోడుండెడిది. ఈ విద్య ఒంటరివారికే పరిమితమను భ్రమ యక్కరలేదు. తోడు కావలసినవారికి 1980లో పక్షిప్రియులు స్థాపించిన సంఘము దక్కన్ బర్డర్స్ అను పేర నేటికిని నగరమున నున్నది.

దీనివలన ఇంటికే గాక పేటకును లాభము కలదు. తీగలకు అడ్డమని కొమ్మలు నరుకుటకు మనుషులు వచ్చినపుడు, ఏ కొమ్మపై గూడున్నదో, పిల్ల లెగురుటకు ఎన్నాళ్లు పట్టునో చెప్పగల కుటుంబము వీథికొకటి యున్నచో, కొన్ని వారములు ఆగుడని అడుగుటకు ఆధార ముండును. చెట్లను కాపాడుడని సభలలో చేయు ఉపన్యాసములకంటె, తేదీలతో కూడిన ఆ నోటుపుస్తకమే అధికారుల యెదుట బలమైన సాక్ష్యము.