పుస్తకం కట్టడం నేర్పే గ్రంథాలయం

‘గ్రంథం’ అనే మాటకు మూలమైన సంస్కృత ధాతువుకు కూర్చడం, ముడివేయడం అని అర్థం. పదాలను కూర్చినా గ్రంథమే, ఆకులను కూర్చినా గ్రంథమే. శాస్త్రవాక్యాన్ని ‘సూత్రం’ అంటున్నాం, సూత్రమంటే దారం. చదువుకు సంబంధించిన మన మాటల్లో దారమూ ముడీ ఇంతగా పెనవేసుకొని ఉండగా, చదువుకొన్న మనలో ఎందరికి పుస్తకం కట్టడం తెలుసు? ఏళ్ల తరబడి పుస్తకాలు మోసి, పట్టాలు పొంది, ఒక్క పుస్తకాన్నయినా స్వహస్తాలతో కుట్టకుండానే చదువు ముగించేవారే మనలో అధికులు. ఈ కళను మన గ్రంథాలయాలు నేర్పాలని నా అభిప్రాయం. అందుకు అంతర్జాలాన్ని వినియోగించుకోవడంలో తప్పు లేదు. అయితే తెరకు ఒక హద్దు ఉండాలి.

మొదట తాళపత్ర గ్రంథం ఎలా తయారయ్యేదో గమనించండి. తాటి ఆకునో, అంతకంటె మృదువైన శ్రీతాళపు ఆకునో కోసి, ఈనె తీసి, కొలతకు కత్తిరించి, నీటిలో ఉడికించి, ఆరబెట్టి, నునుపైన రాతితో రుద్దేవారు. ఆ పైన గంటంతో వ్రాత. గంటం గీచినంత మాత్రాన అక్షరం కంటికి ఆనదు. దీపపు మసిని నూనెతో కలిపి ఆకుమీద పూసి తుడిస్తే, మసి గీతల్లో నిలిచి అక్షరం తేటపడుతుంది. అటు తరువాత రంధ్రాలగుండా దారం పోనిచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి కట్ట కట్టేవారు. ఇంత శ్రమ ముగిశాక లేఖకుడు గ్రంథాంతంలో ఆచారంగా ఒక శ్లోకం వ్రాయడం కద్దు. అందులో పుస్తకమే నోరు తెరచి, తనను నూనెనుండి, నీటినుండి, వదులైన కట్టునుండి కాపాడమనీ, మూర్ఖుని చేతికి ఇవ్వవద్దనీ వేడుకొంటుంది. నీటితో సమానంగా వదులు కట్టును కూడ శత్రువుగా లెక్కించిన ఆ లేఖకుని వివేకం మెచ్చదగినది. దారం తెగితే ఆకులు చెదరుతాయి. ఆకులు చెదరితే పద్యం పోతుంది. నన్నెచోడుని కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవి 1909లో వెలికితెచ్చేదాకా సాహిత్యలోకం ఆ కావ్యాన్ని ఎరుగదు. అన్ని తరాలపాటు దానిని కాపాడింది పాఠకులు కారు, తాటాకు కట్ట.

ఇక మీ చేతిలో ఉన్న ఈ పాఠ్యపుస్తకాన్ని తిప్పి వెన్ను చూడండి. ఆకులను దొంతిగా పేర్చి, వెన్నును గరుకు చేసి, వేడి జిగురు పూసి అట్ట అంటించారా? లేక పదహారు పేజీల ఫారాలుగా మడిచి, ఒక్కొక్క ఫారాన్నీ మడత నడుమనుండి కుట్టి, ఒకదానితో ఒకటి జోడించారా? మొదటి విధం చవక, పని త్వరగా ముగుస్తుంది. కాని పుస్తకాన్ని నాలుగుసార్లు బార్లా తెరిస్తే పుటలు ఊడి చేతికి వస్తాయి. రెండవ విధం నిదానం; అయినా అట్ట పోయినా ఫారాలు నిలుస్తాయి, మళ్లీ అట్ట కట్టుకోవచ్చు. ఈ భేదం తెలిసినవాడు పుస్తకం కొనే తీరూ, తెరిచే తీరూ, అరలో నిలిపే తీరూ మారిపోతాయి. పుస్తకాన్ని గౌరవించమని పిల్లలకు పదేపదే చెప్పేకంటె ఒక్కసారి కుట్టించడం మేలు.

ఈ పని ఇతర దేశాల్లో ఎప్పటినుండో జరుగుతున్నది. న్యూయార్కులో 1974లో ఏర్పడిన సెంటర్ ఫర్ బుక్ ఆర్ట్స్ పుస్తక నిర్మాణాన్ని ఒక కళగా బోధిస్తూ వచ్చింది. 2020లో కరోనా వ్యాధి వల్ల ప్రపంచమంతటా గ్రంథాలయాల తలుపులు మూతపడ్డాయి. అప్పుడు ఇటువంటి సంస్థలు తమ తరగతులను తెరమీదికి మార్చుకొన్నాయి. అమెరికాలోని పలు పౌర గ్రంథాలయాలు కాగితం, సూది, దారం వంటి సామగ్రిని సంచుల్లో పెట్టి వాకిట్లోనే పాఠకులకు అందించాయి. పాఠకులు ఇళ్లకు తీసుకుపోయి, తెరమీద చూస్తూ చేసుకొన్నారు. పరిస్థితులు చక్కబడ్డాక కూడ కొన్నిచోట్ల ఆ పద్ధతి నిలిచింది. దూరాన ఉన్నవారికి, ఇల్లు కదలలేనివారికి అది ఒక దారి అయినందువల్ల నిలిచింది.

చేతి పుస్తకం కలిగినవారి కాలక్షేపమని ఎవరైనా అంటే వారికి ఆర్జెంటీనాను చూపాలి. 2001లో ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. వీధుల్లో అట్టముక్కలు ఏరి అమ్ముకొని బతికేవారు పెరిగారు. 2003లో బ్యూనస్ ఎయిర్స్ నగరంలో ‘ఎలోయిసా కార్తొనేరా’ అనే చిన్న ప్రచురణ సంస్థ వెలసి, వారివద్ద మామూలు ధరకంటె ఎక్కువ ఇచ్చి అట్టలు కొన్నది. వాటిమీద చేతితో రంగులు వేసి కథలకూ కవితలకూ ముఖపత్రాలుగా కట్టింది. తరువాత లాటిన్ అమెరికాలోని ఇతర దేశాలూ ఆ బాట పట్టాయి. మన పొరుగున చెన్నైలో తారా బుక్స్ సంస్థ 2006లో ప్రకటించిన ‘ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’లో గోండు చిత్రకారుల చెట్ల బొమ్మలున్నాయి. వాటిని చేతి తయారీ కాగితంపై చేతితోనే ముద్రించి, చేతితోనే కుట్టారు. ఒకచోట పారవేసిన అట్ట, ఒకచోట మేలైన కాగితం. రెండుచోట్లా పనిచేసింది సూదీ దారమే.

గ్రంథాలయ కార్యశాలలో ఏం నేర్పాలి? కనీసం ఒక చిన్న పుస్తకం పూర్తిగా చేయించాలి. జిరాక్సు అంగళ్లలో దొరికే ఏ-4 కాగితాలు నాలుగు చాలు. ఇక్కడ ఒక మర్మమున్నది. కాగితంలోని నారలు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకొని ఉంటాయి. ఆ దిశకు సమాంతరంగా మడిస్తే కాగితం మాట వింటుంది. అడ్డంగా మడిస్తే మొరాయిస్తుంది, పుటలు చదునుగా తెరుచుకోవు. ఏ-4 కాగితంలో నారలు సాధారణంగా పొడుగు వైపుగా సాగుతాయి. కనుక దానిని ఉన్నదున్నట్లు సగానికి మడిస్తే మడత నారలకు అడ్డంగా పడుతుంది. మన అలవాటు అదే! అలా గాక, కాగితాన్ని మొదట అడ్డంగా రెండు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనూ మళ్లీ సగానికి మడిస్తే మడత నారల వెంట నడుస్తుంది. నాలుగు కాగితాలకు ఎనిమిది ముక్కలు. ఒకదానిలో ఒకటి దూర్చితే ముప్పైరెండు పేజీల జేబు పుస్తకం. నారల దిశ తెలియకపోతే కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూడాలి. ఏ వైపు సులువుగా వంగుతుందో ఆ వంపు వెంటనే నారలున్నాయని గుర్తు.

మడతను చెంచా వీపుతో గట్టిగా రుద్ది, మందపాటి అట్టను పైకవచంగా వేసి, మడత మీద మూడుచోట్ల దబ్బనంతో పొడవాలి. పుస్తకం పొడవుకు మూడు రెట్లు దారం తీసుకొని, కాస్త మైనం పట్టించాలి. సూది లోపలినుండి నడిమి రంధ్రంలో దూరి బయటికి వస్తుంది. పై రంధ్రంగుండా లోపలికి పోతుంది. నడిమి రంధ్రాన్ని దాటి కింది రంధ్రంనుండి బయటికి వస్తుంది. తిరిగి నడిమి రంధ్రంగుండా లోపలికి చేరుతుంది. లోపలి పొడుగు కుట్టుకు అటొక కొస, ఇటొక కొస ఉండేటట్లు చూచి ముడివేస్తే పుస్తకం పూర్తి అవుతుంది. దారాన్ని బిగించేటప్పుడు మడత వెంట లాగాలి. మీదికి లాగితే కాగితం చిరుగుతుంది. చదివితే ఇది చిక్కుముడిలా తోచవచ్చు. చేతికి పట్టుబడితే పావుగంట పని.

సరిగ్గా ఇక్కడే తెర బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి. కెమెరాను నేర్పేవారి ముఖానికి ఎదురుగా గాక చేతులకు పైన అమర్చితే, చూచేవారికి ఆ చేతులు తమ చేతులవలెనే కనిపిస్తాయి. బల్లకు ఎదుటివైపు నిలుచున్న గురువువద్ద అన్నీ తలకిందులుగా కనబడే ఇబ్బంది ఇందులో లేదు. సూది ఏ రంధ్రంలో దూరిందో పెద్దదిగా చూడవచ్చు; పాఠాన్ని భద్రపరిస్తే మళ్లీ చూడవచ్చు. ఎడమచేతివాటం పిల్లలకు బొమ్మను తిప్పి చూపవచ్చు. ఇవన్నీ నిజమైన సౌకర్యాలే. కాని దారం ఎంత బిగిసిందో తెరకు తెలియదు. మడిచినప్పుడు కాగితం చేసే శబ్దం, నారలు ఎదురు తిరిగినప్పుడు వేలికి తగిలే మొండితనం తెరకు అందవు. ఆ సంగతి పక్కన కూర్చున్న మనిషి పట్టుకోవలసిందే. కావున తరగతి అంతర్జాలంలో జరిగినా, నేర్చుకొనేవారు తమ ఊరి గ్రంథాలయంలో ఒకే బల్లచుట్టూ కూర్చుండాలన్నది నా వాదం. గురువు దూరాన ఉండవచ్చు. బల్ల మాత్రం ఊరిలో ఉండాలి. ఒకరి ముడి ఊడితే పక్కవారు పట్టుకొంటారు. చరవాణి లేని పిల్లవాడూ, సంకేతం సరిగా అందని వాడనుండి వచ్చిన బాలికా అక్కడ మిగిలినవారితో సమానులవుతారు.

అలాగే చూడడాన్ని నేర్చుకోవడంగా భ్రమపడే ప్రమాదం కూడ తెరతో వచ్చింది. పుస్తకం కట్టే దృశ్యాలను వరుసగా పది చూచి సంతృప్తితో నిద్రపోయేవారున్నారు. వారి చేతికి సూది తగిలి ఉండదు. వంటల దృశ్యాలకూ ఇదే గతి పట్టింది గాని అక్కడ ఆకలి కాపాడుతుంది. ఇరవైమందికి మించకుండా చేర్చుకొని, పుస్తకం పూర్తయ్యేదాకా తరగతి ముగించని కార్యశాల ఒక్కటి, వేలమంది చూచి వదిలిన దృశ్యంకంటె మిన్న.

కొత్త పుస్తకాలు కొనడానికే డబ్బు చాలని గ్రంథాలయాలకు ఈ బరువు ఎందుకని పెద్దలు అడగవచ్చు. ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. మన పౌర గ్రంథాలయాల్లో చాలావాటికి ఉద్యోగులు తక్కువ. ఉన్న పాఠకుల్లో పెక్కుమంది దినపత్రికలకోసం, ఉద్యోగ పరీక్షలకోసం వచ్చేవారే. అయితే మన గ్రంథాలయోద్యమం డబ్బు చూచుకొని బయలుదేరినది కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసినప్పుడు వాటి వెనుక నిలిచింది ప్రజల పూనిక. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులను సమావేశపరచి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి రూపమిచ్చినవారిలో అయ్యంకి వెంకటరమణయ్య ముఖ్యులు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. పాఠకుడు రాలేని చోటికి పుస్తకం పోవాలని వారు తలచారు. పడవకు కాలువ ఎలాంటిదో, ఈనాటి తరగతికి అంతర్జాలం అలాంటిది. ఆ పడవ ఒడ్డు చేరడానికి ఊరిలో రేవు ఉండాలి. ఊరి గ్రంథాలయమే ఆ రేవు.

ఇంతకూ ఆ ముప్పైరెండు ఖాళీ పేజీల్లో ఏం వ్రాయాలి? నా దృష్టిలో అసలు విలువ ఇక్కడే ఉన్నది. అమ్మమ్మ పాడే రోకటి పాటలు, తాతయ్య చెప్పే చేల పేర్లు, ఊరి చెరువు తూములకూ దిబ్బలకూ ఉన్న పేర్లు, నేతవారి మగ్గం మాటలు, చేపలుపట్టేవారికి తెలిసిన గాలుల పేర్లు – వీటిలో చాలాభాగం ఏ అచ్చు పుస్తకంలోనూ లేదు. వీటిని అచ్చువేయడానికి ప్రచురణకర్తలు ముందుకు రారు. వేయి ప్రతులు అమ్ముడయ్యే సరుకు కాదిది. కాని ఒక్క ప్రతి చాలు. పెద్దలు చెబుతూ ఉంటే విద్యార్థి వ్రాసుకొని, తానే కుట్టి, చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వేసి గ్రంథాలయానికి ఇవ్వాలి. గ్రంథపాలకుడు దానికి ప్రవేశ సంఖ్య వేసి, పట్టికలో ఎక్కించి, ‘స్థానిక చరిత్ర’ అరలో నిలపాలి. పుటలను ఛాయాచిత్రాలు తీసి అంతర్జాలంలో ఉంచితే మరీ మంచిది. మూలప్రతి మాత్రం ఊరిలోనే ఉండాలి. అచ్చు పుస్తకానికి వేసినట్లే దీనికీ సంఖ్య పడినప్పుడు, ఆ పాట పాడిన అమ్మమ్మ కూడ గ్రంథకర్తల వరుసలో చేరుతుంది.

నేర్పేవారిని దూరదేశాలనుండే పిలవనక్కరలేదు. మన పట్టణాల్లో కార్యాలయ దస్త్రాలకూ పాత పుస్తకాలకూ బైండింగు చేసే పనివారు ఇంకా ఉన్నారు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు కాచడం వారికి తెలుసు. (అది విషం, పిల్లల తరగతిలో ఉత్త మైదా జిగురే వాడాలి.) జీర్ణించిన వెన్నును విప్పి, ఫారాలను విడదీసి, తిరిగి కుట్టడమూ వారికి తెలుసు. కాని వారి పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. ఆ ఆదాయంతో ఇల్లు గడవనప్పుడు రమ్మనడమూ న్యాయం కాదు. జిల్లాకు ఒక్కరినైనా పిలిచి, వారి చేతులమీద కెమెరా పెట్టి, వారు చెప్పినదానిని అన్ని ఊళ్ల బల్లలకూ అందించాలి. శాలువా కప్పి పంపివేస్తే చాలదు. అధ్యాపకునికి గంటకు ఇచ్చే పారితోషికమే వారికీ ఇవ్వాలి. ఇంటిపన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు తమ వార్షిక ఆదాయవ్యయ పట్టికలో సూదులు, దారం, కాగితం, శిక్షకుని పారితోషికం అని ఒక పద్దు చేర్చి, వచ్చే వేసవి సెలవులకే ఈ పని మొదలుపెట్టవచ్చు.