టర్బో పెద్దదైతే కారు పరుగెడుతుందా?

సికింద్రాబాద్ స్టేషన్లో డీజిల్ ఇంజన్ల కాలంలో రైలెక్కినవాళ్లకు ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. గార్డు పచ్చజెండా ఊపేవాడు. ఇంజన్ ఒక్కసారి గట్టిగా మూలిగేది. గుప్పుమంటూ నల్లటి పొగ లేచేది. కాసేపటికి సన్నగా ఈల వేసినట్టు చప్పుడు మొదలయ్యేది. పొగ పలచబడేది... రైలు ఊపందుకునేది!

ఆ ఈల టర్బోచార్జర్‌ది. మరి ఆ నల్లపొగ? టర్బో ఇంకా వేగం అందుకోలేదనడానికి గుర్తు. డీజిల్ ముందే వచ్చేసింది, దాన్ని మండించాల్సిన గాలి మాత్రం వెనకబడింది. కారుకు పెద్ద టర్బో బిగించాలని ముచ్చటపడే ప్రతి కుర్రాడూ ముందుగా నేర్చుకోవాల్సిన పాఠం ఆ పొగలోనే ఉంది.

మెట్టుగూడలోనో మారేడుపల్లిలోనో ఓ ఇల్లు ఊహించుకోండి. తండ్రి రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంటి ముందు ఓ పాత పోలో కారు. ‘ఇంకాస్త పెద్ద టర్బో వేయిస్తే దూసుకుపోతుంది నాన్నా’ అంటాడు కొడుకు. ‘ఎక్కడికిరా దూసుకుపోయేది?’ అంటారాయన. నిజానికి టర్బోని ఎంచుకునేటప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న అదే!

పొగతోనే ఊపిరి

ఇంజన్ బలమంతా అది పీల్చే గాలిలో ఉంటుంది. గాలి ఎక్కువైతే అందుకు తగ్గట్టు ఇంధనమూ ఎక్కువ మండించవచ్చు. మామూలు ఇంజన్ తనకు అందినంతే పీలుస్తుంది. టర్బో అలా కాదు, గాలిని బలవంతంగా కూరుతుంది. అందుకు కావాల్సిన శక్తిని బయటికిపోయే పొగనుంచే తీసుకుంటుంది. ఒకే ఇరుసుకి రెండు చక్రాలు. ఒకదాన్ని పొగ తిప్పుతుంది, రెండోది గాలిని నొక్కి ఇంజన్లోకి పంపుతుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యుకి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నాడు. చిన్న కార్ల టర్బోలో ఆ ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. దాన్ని నిలబెట్టేది పలచని ఆయిల్ పొర మాత్రమే. ఆయిల్ పాతబడినా, దారి పూడుకుపోయినా టర్బో పని అయిపోయినట్టే.

ముందు లెక్క... తర్వాతే బేరం

రాణిగంజ్ వీధుల్లో దొరకని స్పేర్‌పార్టు ఉండదంటారు. కానీ కౌంటర్ దగ్గరకెళ్లి ‘పెద్ద టర్బో ఇవ్వండి’ అనడం, చెప్పుల షాపుకెళ్లి ‘పెద్ద చెప్పులివ్వండి’ అన్నట్టే ఉంటుంది. పాదం కొలత తెలియాలి కదా!

అందుకో మోటు లెక్క ఉంది. పెట్రోలు ఇంజన్లో ప్రతి 10 హార్స్‌పవర్‌కీ నిమిషానికి దాదాపు 450 గ్రాముల గాలి కావాలి. 2013లో మన దేశంలోకి వచ్చిన పోలో జీటీ టీఎస్ఐనే తీసుకుందాం. ఇంజన్ 1.2 లీటర్లు, బలం 105 హార్స్‌పవర్. అంటే నిమిషానికి 4.7 కిలోల గాలి. దాన్ని 150కి పెంచాలంటే ఆరుముప్పావు కిలోలు కావాలి. ఈ అంకె చేతిలో ఉంటే టర్బో కంపెనీ ఇచ్చే ‘కంప్రెసర్ మ్యాప్’లో వెతుక్కోవచ్చు. ఏ టర్బో ఎంత గాలిని, ఎన్ని రెట్ల ఒత్తిడితో, ఎంత సమర్థంగా పంపుతుందో చెప్పే పటం అది. కావాల్సిన అంకె ఆ పటం మధ్యలో పడితే మంచి జోడీ. ఎడమ అంచు దాటితే గాలి వెనక్కి తన్ని టర్బో దడదడలాడుతుంది, దీన్నే ‘సర్జ్’ అంటారు. కుడి అంచు దాటితే ఎంత తిరిగినా గాలి పెరగదు, వేడి పెరుగుతుంది.

మన ఊరి గాలి వేరు

చెన్నై మిత్రుడి కారులో బాగా పనిచేసిన టర్బో ఇక్కడా అలాగే పనిచేస్తుందా? చెయ్యకపోవచ్చు. సికింద్రాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అందువల్ల ఇక్కడి గాలి ఒత్తిడి చెన్నైకన్నా దాదాపు ఆరు శాతం తక్కువ. అక్కడ గాలిని రెండు రెట్లు నొక్కితే వచ్చే ఫలితం ఇక్కడ రావాలంటే 2.1 రెట్లు నొక్కాలి. అంటే అదే టర్బో ఇక్కడ ఇంకా వేగంగా తిరగాలి.

దీనికి తోడు ఎండ! మే నెలలో 42 డిగ్రీల గాలిని రెండు రెట్లు నొక్కితే, 70 శాతం సామర్థ్యమున్న టర్బోలోంచి కూడా అది 140 డిగ్రీల వేడితో బయటికొస్తుంది. వేడిగాలి పలచన. పైగా నిప్పురవ్వతో మొదలైన మంట తనదాకా చేరకముందే పెట్రోలు తనంతట తాను అంటుకునే ప్రమాదం. మెకానిక్కులు ‘నాకింగ్’ అనేది దాన్నే. అదే కొనసాగితే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. అందుకే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి కేటాయించాల్సిన డబ్బుని టర్బో సైజు మీద పెట్టడం తెలివైన పని కాదు.

పెద్దదా... తగినదా?

ప్యారడైజ్ నుంచి ట్యాంక్‌బండ్ దాకా సాయంత్రం వేళ ఇంజన్ ఎంత తిరుగుతుంది? ఎక్కువసేపు 1,500 నుంచి 3,000 చుట్ల మధ్యే. కంపెనీ ఇచ్చిన చిన్న టర్బో 1,500 చుట్ల దగ్గరే పూర్తి లాగుడు ఇస్తుంది. పెద్ద టర్బో చక్రం బరువు. పొగ దండిగా వస్తేగానీ కదలదు. అది మేలుకునేలోపు సిగ్నల్ మళ్లీ ఎర్రబడుతుంది. మేలుకుందా... ఒక్కసారిగా తోసేస్తుంది. ముందు ఆటో ఉన్నా సరే! రేస్ ట్రాక్ మీద ఇంజన్ ఎప్పుడూ ఎక్కువ చుట్లలోనే ఉంటుంది కాబట్టి అక్కడ పెద్ద టర్బో పనికొస్తుంది. ఊళ్లో మాత్రం అది బరువే.

తగిన టర్బో అంటే ఏంటో మన రోడ్లమీదే చూడొచ్చు. స్విఫ్ట్ డీజిల్లో 1,248 సీసీ ఇంజన్ 75 హార్స్‌పవర్ ఇచ్చేది. 2011లో వచ్చిన ఎస్ఎక్స్4 డీజిల్లో అదే ఇంజన్ 90 ఇచ్చింది. ప్రధానమైన తేడా టర్బోలోనే. దాని లోపలి రెక్కలు తిరుగుతూ, తక్కువ చుట్లలో పొగ దారిని ఇరుకు చేస్తాయి, ఎక్కువ చుట్లలో వెడల్పు చేస్తాయి. చిన్న టర్బో చురుకు, పెద్ద టర్బో బలం... రెండూ ఒకదాంట్లోనే.

రైల్వే చెప్పిన పాఠం

ఇక ఆ నాన్నగారి రైలింజన్ సంగతి. డబ్ల్యూడీఎం-2 బలం 2,600 హార్స్‌పవర్. 1990ల్లో అదే 16 సిలిండర్ల ఇంజన్‌ని 3,100కి పెంచి డబ్ల్యూడీఎం-3ఏ అన్నారు. పాత ఇంజన్లను కూడా పటియాలాలో ఇలాగే మార్చారు. ఇందుకు మెరుగైన టర్బో ఒక్కటే పెట్టి ఊరుకోలేదు. గాలిని చల్లబరిచే కూలర్‌ని పెద్దది చేశారు. ఎక్కువ ఇంధనం పంపే పంపులు పెట్టారు. క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు మార్చారు. అంత చేస్తే పెరిగిన బలం ఐదోవంతుకన్నా తక్కువ!

కారు విషయంలోనూ అంతే. పోలో జీటీలోని ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తట్టుకోగలిగేది 250 న్యూటన్ మీటర్ల టార్క్. కంపెనీ ఇంజన్ ఇచ్చేది 175. అక్కడ 200 హార్స్‌పవర్ కావాలంటే 5,500 చుట్ల దగ్గర కూడా 250 దాటాల్సిందే. అంటే టర్బో ఒప్పుకున్నా గేర్‌బాక్స్ ఒప్పుకోదు. ఇంజెక్టర్లు, ఇంధన పంపు, ఈసీయూ ట్యూనింగ్, బ్రేకులు, టైర్లు... అన్నిటినీ అడిగాకే టర్బోని అడగాలి. వీటిలో బ్రేకులది మొదటి వరస. పరుగెత్తడం నేర్పినవాళ్లే ఆగడమూ నేర్పాలి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో నమోదైన వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతిలేని ప్రతి మార్పుకీ 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేయిస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

మరి వేగం మీద ప్రేమ ఉన్నవాళ్లు ఏం చేయాలి? అలాంటి కారుని ట్రాక్ కోసమే సిద్ధం చేసుకోవాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో అందుకు ట్రాకులున్నాయి. కారుని అక్కడిదాకా నడుపుకుంటూ కాదు, లారీమీద తీసుకెళ్లాలి. మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున కూడా 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ కార్లు పరుగులు తీశాయి. అవి కరెంటు కార్లు, వాటికి టర్బోలే లేవు!

ఇంతకీ మన మెట్టుగూడ ఇంట్లో ఏమవుతుంది? కొడుకు కాగితం, పెన్నూ తీసుకుని తండ్రి పక్కన కూర్చుంటే బాగుంటుంది. ఎంత గాలి, ఎంత వేడి, గేర్‌బాక్స్ ఎంత మోస్తుంది... అన్నీ రాసుకుంటే సగం ఆశలు కాగితం మీదే చల్లారతాయి. మిగతా సగానికి ఓ మంచి సర్వీసింగ్, కొత్త టైర్లు, సమయానికి ఆయిల్ మార్పు చాలు. ‘ఎక్కడికిరా దూసుకుపోయేది?’ అన్న ప్రశ్నకు జవాబు దొరికినరోజు టర్బో సైజు దానంతట అదే తేలిపోతుంది.